లైటు ఆరిపోయిందని సంబరపడకండి

(హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలోని కారు యజమానుల సమావేశంలో, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

నమస్కారం. వెనక నిలబడ్డవారు కాస్త ముందుకు రండి. ఈ బల్ల మీద పెట్టిన వస్తువులు మీరు చేత్తో పట్టుకుని చూడాలి.

నన్ను పిలిచినప్పుడు మీ కార్యదర్శి గారు ఫోనులో ఒక మాట అన్నారు. "సార్, మా సెల్లార్‌లో చాలా కార్లకు డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో ఉండే ఆ పసుపు లైటు వచ్చి పోతూ ఉంటుంది. రాగానే షెడ్డుకు తీసుకెళ్దాం అనుకుంటాం, పోగానే మరచిపోతాం" అన్నారు. నిలకడగా వెలిగే లైటుతో పెద్ద చిక్కు లేదు. ఎప్పుడు వెతికినా దాని కారణం అక్కడే దొరుకుతుంది. వచ్చి పోయేదానితోనే అసలు తంటా. మెకానిక్ ముందు కారు బుద్ధిమంతుడిలా నడుస్తుంది. ఆయన చూసి "ఏమీ లేదు సార్" అంటాడు. ఇంటికి వచ్చే దారిలో మళ్లీ వెలుగుతుంది.

అయితే లైటు ఆరినా కారులోని కంప్యూటర్ వెంటనే ఏమీ మరచిపోదు. ఈ రోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఏది ఆగాలో, ఏది ఆగనక్కరలేదో తేల్చుకుందాం. ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగినా, ఎర్రగా థర్మామీటర్ బొమ్మ వెలిగినా ఎక్కడున్నారో అక్కడే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఇంటి దాకా వెళ్దాం అనుకోవద్దు. ఇంజన్ బొమ్మతో పసుపు రంగులో నిలకడగా వెలిగితే, బండి మామూలుగా నడుస్తూ ఉంటే, నిదానంగా ఇంటికి వెళ్లవచ్చు. అదే పసుపు లైటు మిణుకుమిణుకుమని కొట్టుకుంటూ, బండి వణుకుతూ ఉంటే మాత్రం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని అర్థం. ఆ పచ్చి పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. లోపలి పింగాణీ జాలీ కరిగిపోయేంత వేడి పుడుతుంది. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే చిన్న కాయిల్‌తో పోవలసిన ఖర్చు పది, ఇరవై రెట్లు అవుతుంది.

ఇప్పుడు ఆ లైటు ఎలా ఆలోచిస్తుందో చూద్దాం. చాలా తప్పుల విషయంలో కంప్యూటర్ మొదటిసారి చూసిన వెంటనే లైటు వెలిగించదు. పెండింగ్ అని తనలో తాను రాసుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే తప్పు కనబడితే అప్పుడు వెలిగిస్తుంది. ఆ తర్వాత వరుసగా 3 ప్రయాణాల్లో తప్పు కనబడకపోతే లైటును ఆర్పేస్తుంది. కానీ ఆ తప్పుకు తాను రాసుకున్న గుర్తును, అంటే కోడ్‌ను, చెరపదు. ఇంజన్ చల్లబడి మళ్లీ వేడెక్కడం దాదాపు 40 సార్లు జరిగేదాకా, అంటే రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి కొన్ని వారాల పాటు, అది జ్ఞాపకంలోనే ఉంటుంది.

దీని నుంచి రెండు విషయాలు తేలతాయి. లైటు ఈ రోజు వెలిగిందంటే తప్పు ఈ రోజే పుట్టిందని కాదు, నిన్నో మొన్నో మొదలై ఉండవచ్చు. లైటు ఆరిందంటే బాగైందనీ కాదు. వాన తగ్గి ఉండవచ్చు, ఎండ తగ్గి ఉండవచ్చు, మీరు నాలుగు రోజులు లాంగ్ డ్రైవ్‌లో ఉండి ఉండవచ్చు. తప్పు పుట్టే పరిస్థితి తప్పుకుంది, అంతే.

ఈ ఏర్పాటు మన ఊరికి కొత్త కాదు. 2010 ఏప్రిల్‌లో వాహనాల పొగను అదుపు చేసే బీఎస్-4 నిబంధనలు మొదట అమలైన 13 నగరాల్లో హైదరాబాదు ఒకటి. ఇంజన్ తన తప్పులను తానే గమనించుకునే పద్ధతి వాటితోపాటే వచ్చింది. 2013 ఏప్రిల్ నుంచి దాని రెండో రూపం కార్లకు తప్పనిసరి అయింది. కాబట్టి 2013 తర్వాత కొన్న కారు ఏదైనా సరే, స్టీరింగ్ కింద మోకాలి దగ్గర వేలితో తడిమి చూస్తే 16 రంధ్రాల సాకెట్ ఒకటి తగులుతుంది. పైవైపు వెడల్పు, కిందివైపు ఇరుకు.

దానికి పెట్టేది ఇదిగో, కోడ్‌లను చదివి ఫోనులోని యాప్‌కు పంపే ఈ అగ్గిపెట్టెంత స్కానర్. ఈఎల్ఎం327 అంటారు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. నకళ్లు చాలా ఉన్నాయి, మన పనికి చాలామటుకు అవే సరిపోతాయి. ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవారు బ్లూటూత్ రకం తీసుకోండి. ఐఫోను వారు వైఫై రకమో, ఐఫోనుకు పనిచేస్తుందని పెట్టె మీద స్పష్టంగా రాసిన కొత్త బ్లూటూత్ రకమో తీసుకోవాలి. పాత బ్లూటూత్ దానికి పలకదు. ఒక జాగ్రత్త. పని అయిపోగానే పీకేయండి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తాళం తీసినా స్కానర్ తాగుతూనే ఉంటుంది. రెండు వారాలు ఊరెళ్లి వస్తే బండి స్టార్ట్ కాకపోవచ్చు.

బ్యాటరీ వైరు పీకేసి పెడితే లైటు పోతుందని చాలామంది అంటారు. చాలా బండ్లలో పోతుంది, నిజమే. దాంతోపాటు మనకు కావలసిన ఆధారం కూడా పోతుంది. పైగా ఇంజన్ నేర్చుకున్న పెట్రోలు లెక్కలు, ఐడ్లింగ్ (అంటే బండి నిలిచి ఇంజన్ మాత్రం నడిచేటప్పటి) లెక్కలు కూడా చెరిగిపోయి కొన్నాళ్లు బండి గరగరలాడుతుంది. యాప్‌లో కోడ్ చెరిపే బొత్తాం కూడా ఇదే పని చేస్తుంది. దాని జోలికి ముందే వెళ్లవద్దు. మొదట కోడ్ రాసుకోండి. స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఆ కోడ్ పక్కనే "ఫ్రీజ్ ఫ్రేమ్" అని మరో పేజీ ఉంటుంది. చాలామంది దాన్ని తెరవరు, కానీ వచ్చి పోయే తప్పుకు అసలు నిధి అదే. తప్పు దొరికిన ఆ క్షణాన ఇంజన్ ఎంత వేడి మీద ఉంది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, బండి ఎంత వేగంలో ఉంది, పెట్రోలు లెక్క ఎంత అన్నవి అక్కడ నమోదై ఉంటాయి.

కోడ్ చదవడం సులువే. పి అంటే ఇంజన్, గేరుబాక్సు. బి అంటే బాడీ. సి అంటే బ్రేకులు, స్టీరింగ్ వంటివి. యు అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలో తేడా. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్. అయితే కోడ్ పేరులో ఏ భాగం కనిపిస్తే ఆ భాగం కొనేయడమే మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు. ఠాణాలో ఫిర్యాదు ఇచ్చినవాడే దొంగ కాడు కదా. పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ "గాలి ఎక్కువైంది" అని ఫిర్యాదు చేస్తే, సెన్సర్ తన పని తాను చేసినట్టు. గాలి ఎక్కడి నుంచి దూరిందో వెతకాలి.

ఒకటి వివరంగా చూద్దాం. మన సెల్లార్లలో ఎక్కువగా కనిపించేది పి0301, అంటే ఒకటో సిలిండర్ సరిగ్గా మండడం లేదు. మెకానిక్‌లు మిస్సింగ్ అంటారు. ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిస్తే ఇంజన్ వేడి 31 డిగ్రీలు, చుట్లు 900, వేగం సున్నా అని ఉందనుకోండి. అంటే పొద్దున్నే, చల్లని ఇంజన్‌తో, ఇంకా గేటు కూడా దాటకముందు. మీ డైరీ చూసుకుంటే ఆ రోజు రాత్రంతా వాన. లేదా ముందురోజు వాటర్ సర్వీసింగ్ చేయించారు. ఆ పిచికారీ నీరు ప్లగ్గు గుంటలోకి దిగి రాత్రంతా అక్కడే ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక ఆరిపోతుంది. మధ్యాహ్నం మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లేసరికి బండి నిక్షేపంగా ఉంటుంది.

ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక తాళం తీసి, బానెట్ ఎత్తి, పైన ప్లాస్టిక్ మూత తీస్తే ప్రతి సిలిండర్ మీదా ఒక కాయిల్ వరుసగా కనిపిస్తాయి. కనెక్టర్ గొళ్లెం నొక్కి, వైరును లాగకుండా కనెక్టర్ తల పట్టుకుని తీయండి. పది నంబరు స్పానర్‌తో ఒక బోల్టు. తర్వాత కాయిల్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ పైకి తీయండి. ఇదిగో, ఈ పాతది ఒకసారి చేతులు మారుస్తూ చూడండి. కింద ఈ నల్ల రబ్బరు గొట్టం మీద సన్నగా, జుట్టు పోగంత తెల్లని గీత కనిపిస్తోందా? వెలుతురుకు పెట్టి వంచి చూడండి. నిప్పురవ్వ ప్లగ్గు కొసన దూకవలసింది పోయి ఈ చీలిక దారిలో పక్కనున్న ఇనుముకు దూకింది. తడి ఉన్నప్పుడు దానికి ఆ దారి ఇంకా సులువు. అందుకే వానకు వస్తుంది, ఎండకు పోతుంది.

గీత కనిపించకపోయినా ఒక పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఒకటో కాయిల్‌ను మూడో దానితో మార్చి బిగించండి. ఇప్పుడు కోడ్ చెరపండి, రాసుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. మళ్లీ అలాంటి తడి రోజు వచ్చేదాకా బండి మామూలుగా వాడండి. ఈసారి పి0303 వస్తే తప్పు కాయిల్ వెంట నడిచింది, కాయిల్ మార్చండి. మళ్లీ పి0301 వస్తే కాయిల్ మంచిదే. తర్వాత ప్లగ్గును అలాగే మార్చి చూడండి. ఆ తర్వాతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్. సిలిండర్ల లెక్క సాధారణంగా బెల్టు వైపు నుంచి మొదలవుతుంది, కొన్ని కంపెనీలవి గేరుబాక్సు వైపు నుంచి. మాన్యువల్ చూసుకోండి. ఇంజన్ నడుస్తుండగా మాత్రం కాయిల్ మీద చేయి వేయవద్దు, అక్కడ వేల వోల్టులు ఉంటాయి.

రెండో రకం కనెక్టర్ల గోల. ఇది చూస్తే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, బయట 42 డిగ్రీలు, ఫోనులో, సెన్సర్ల అంకెలను అప్పటికప్పుడు చూపే లైవ్ డేటా తెరిస్తే లోపలికి వచ్చే గాలి మైనస్ 40 డిగ్రీలు అని చూపిస్తుంది. హైదరాబాదులో మైనస్ 40! ఆ అంకె ఎప్పుడు కనబడ్డా అర్థం దాదాపు ఒకటే. సెన్సర్ దాకా వెళ్లే వైరు ఎక్కడో తెగింది, లేదా కనెక్టర్ వదులైంది. కరెంటు దారి తెగితే కంప్యూటర్ దాన్ని విపరీతమైన చలిగా లెక్కగడుతుంది. ఇంజన్ నీటి వేడి చూపే సెన్సర్‌కు ఇదే జరిగితే రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరగడం, పెట్రోలు ఎక్కువ తాగడం కూడా చూస్తారు.

దీనికి ఇంట్లో చేయగల పని ఇది. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఒకరు ఫోనులో ఆ అంకెను చూస్తూ ఉండండి. ఇంకొకరు బానెట్ దగ్గర ఆ సెన్సర్ కనెక్టర్ నుంచి మొదలుపెట్టి, వైరు పొడవునా జానెడు జానెడు చొప్పున మెల్లగా కదుపుతూ రండి. అంకె 38 నుంచి మైనస్ 40కి దూకిన చోట చేయి ఆపండి. అక్కడే ఉంది. వైరు ఏదైనా ఇనుప పట్టీకి రాసుకుంటున్న చోట, మలుపు తిరిగిన చోట, బ్యాటరీ కింద ఎక్కువగా దొరుకుతుంది. ఇంకో చోటు కూడా ఉంది, అది మీ అందరికీ తెలుసు.

(సభలో నుంచి: "ఎలుకలు!")

ఎలుకలే. సెల్లార్ పార్కింగ్ ఉన్న ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఇదే కథ. వైరు పూర్తిగా కొరికితే తప్పు నిలకడగా ఉంటుంది, వెంటనే తెలుస్తుంది. పైతొడుగు మాత్రమే కొరికి రాగి బయటపెడితేనే వచ్చి పోయే లైటు. తడి తగిలితే ఒకలా, పొడిగా ఉంటే మరోలా. టేపు చుట్టి వదిలేయకండి, ఆ జిగురు ఇంజన్ వేడికి కరిగి జారుతుంది. అతుకును టంకం పెట్టించి, వేడికి బిగుసుకునే గొట్టం వేయించండి.

వీటన్నిటికన్నా ముందు చూడవలసింది నిజానికి బ్యాటరీ. వరసగా సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు, అందులో యు అక్షరంవి కూడా ఉంటే, ఒక్క సెన్సర్ కూడా కొనకండి. పొద్దున ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. మన ఎండలకు బ్యాటరీలు త్వరగా అలసిపోతాయి. స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజీ మరీ పడిపోతే కంప్యూటర్లు తికమకపడి నోటికి వచ్చిన కోడ్ రాసుకుంటాయి. తర్వాత ఎర్త్, అంటే ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగి వెళ్లే దారి. ఇంజన్ నడుస్తూ, ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉంచి, మీటరు ఒక మొనను బ్యాటరీ మైనస్‌కు, ఇంకోదాన్ని ఇంజన్ మీద గీకి తళతళలాడే ఇనుముకు ఆనించండి. 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ వైరు తుప్పు పట్టిందో, బోల్టు వదులైందో. ఎమరీ పేపరుతో రుద్ది బిగిస్తే చాలు.

ఇక పి0171, గాలి ఎక్కువైందన్న కోడ్. యూట్యూబులో అమెరికా వాళ్లు ముందు పెట్రోలు మూత బిగించండి అంటారు. ఆ మాట వాళ్ల కార్లకు, అదీ టాంకు ఆవిరి లీకు కోడ్‌లకు చెల్లుతుంది. వాళ్ల చట్టం ప్రకారం కారు టాంకు లీకును తానే పరీక్షించుకోవాలి. మన నిబంధనలు యూరప్ బాటలో వచ్చాయి, వాటిలో ఆ పరీక్ష తప్పనిసరి కాదు. కాబట్టి మూత బిగించి నిశ్చింతగా కూర్చోవద్దు.

లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది. కంప్యూటర్ తన లెక్క కన్నా ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో, తగ్గిస్తోందో చెబుతుంది. అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే బాధ లేదు. ఐడ్లింగ్‌లో ప్లస్ 18 ఉండి, 2500 చుట్లకు రేస్ చేస్తే ప్లస్ 4కు దిగిందంటే, ఎక్కడో రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తోంది. వాయువు తక్కువ వెళ్లేటప్పుడే ఆ చిల్లు పెద్దదిగా లెక్కకు వస్తుంది. గజం పొడవు రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ పైపుల వెంట తిప్పండి, తిరిగే ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా. బుసమన్న చోట చిల్లు. వేడి ఇంజన్ మీద మండే స్ప్రేలు కొట్టి వెతికే పద్ధతి షెడ్డులో చూసి ఉంటారు. ఇంట్లో వద్దు. అదే ఐడ్లింగ్‌లో బాగుండి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రిమ్ పెరుగుతూ పోతే పెట్రోలు చాలడం లేదు. పంపు, ఫిల్టరు చూడాలి, అది షెడ్డు పని.

పెట్రోలులో కలిపే ఇథనాల్ గురించి అడుగుతారని తెలుసు, నేనే చెప్పేస్తాను. శుద్ధ పెట్రోలు ఒక కిలో మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం కలిపిన పెట్రోలుకు దాదాపు 13.5. పది శాతం కలిపిన దానికి అలవాటుపడ్డ ఇంజన్‌కు ఇదివరకటి కొలతే పోస్తే నాలుగైదు శాతం తక్కువవుతుంది, కంప్యూటర్ ఆ మేరకు పెంచుకుంటుంది. దానివల్ల మాత్రమే లైటు రాకూడదు. కానీ అప్పటికే పైపు చిల్లుతో అంచున ఉన్న ఇంజన్‌ను ఈ నాలుగు శాతం అవతలికి నెడుతుంది. అందరూ పెట్రోలు బంకును తిట్టుకుంటారు, చిల్లు అలాగే ఉంటుంది.

(ఒక యువతి: "సార్, సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకుంటున్నాం. లైటు ఏమీ లేదు. నమ్మవచ్చా?")

లైటు లేకపోవడాన్ని నమ్మవద్దమ్మా. స్కానర్ పెట్టి, "కోడ్ చెరిపాక నడిచిన దూరం" అన్న అంకె చూడండి. చాలా కార్లు చూపిస్తాయి. 60 వేల కిలోమీటర్లు నడిచిన బండిలో అది 12 కిలోమీటర్లు అని ఉంటే, మీరు వస్తున్నారని తెలిసి పొద్దునే చెరిపారు. స్వీయ పరీక్షల పట్టిక కూడా ఉంటుంది. సగం పరీక్షలు "పూర్తి కాలేదు" అని ఉంటే అదీ ఇదే సూచన. బ్యాటరీ కొత్తగా మార్చినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి బిల్లు అడగండి. వారం తర్వాత మళ్లీ చూస్తామని చెప్పండి. అమ్మేవాడి ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

(మరొకరు: "నాది డీజిల్ బండి. ఆఫీసు నాలుగు కిలోమీటర్లే. లైటు వచ్చి పోతోంది.")

బీఎస్-6 డీజిల్ అయితే మీ ప్రయాణమే కారణం కావచ్చు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండాక ఆ మసిని తానే కాల్చుకోవాలి. దానికి ఇంజన్ బాగా వేడెక్కి, ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. నాలుగు కిలోమీటర్లలో మొదలుపెట్టేలోపే మీరు ఆపేస్తారు. ఫిల్టరు లైటు నిలకడగా ఉంటే, ఇంజన్ లైటు వెలగకపోతే, ఒక ఆదివారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, మాన్యువల్ చెప్పిన వేగంలో సాగండి. రెండూ కలిసి వెలిగినా, పికప్ పడిపోయినా ఆ ప్రయోగం వద్దు. డీజిల్ పైపులు మాత్రం ఎప్పుడూ విప్పకండి. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్ దాటి ఉంటుంది, చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. అలాగే పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి. ఆ రెండు రంగులూ మనవి కావు.

మిగిలిన ప్రశ్నలు బండ్ల దగ్గరే చూద్దాం. స్కానర్ తెచ్చుకున్నవారు ముందు సెల్లార్‌కు దిగండి. ఇప్పుడే బయటి నుంచి వచ్చిన బండ్లను చివరికి ఉంచుదాం, బానెట్ కింద ఇంకా కాలుతూ ఉంటుంది. ఆ కాయిల్ ఎవరి దగ్గర ఉండిపోయిందో కాస్త ఇటు ఇవ్వండి.